పెన్న ఇసుక, వాగు ఇసుక

జమ్మలమడుగు దగ్గర పెన్నలో తాగునీటి బావులున్న చోట ఇసుక తీయకూడదు. అయినా ఎవరో తోడేస్తున్నారు. ఆ వేసవిలో బావులు అడుగంటి, ఊళ్లోకి ట్యాంకర్లు వచ్చాయి. అలాంటి రోజుల్లోనే అధికారులు ప్రొద్దుటూరు శివార్లలో ఒక ఇసుక లారీని ఆపారు.

“ఇది పెన్న ఇసుక కాదు సార్. పులివెందుల పక్క కొండవాగులో నింపినా. ఆడ తీసుకునేదానికి అనుమతి ఉంది” అన్నాడు డ్రైవర్ ఆనందయ్య. లారీ యజమాని కూడా అదే మాట చెప్పాడు. నింపుతుండగా చూసినవాళ్లు లేరు. తేల్చేదెలాగో తెలియక అధికారులు ఆ ఇసుకను యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చెప్పే జువేరియాకు పంపారు.

జువేరియా ఇల్లు ప్రొద్దుటూరులో ఆనందయ్య ఇంటికి ఎదురుగానే. చిన్నప్పుడు వాళ్లమ్మ ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లు ఆనందయ్య భార్య సుందరమ్మే ఆమెకు అన్నం పెట్టి, జడలు వేసి బడికి పంపింది. ఆ సంగతి జువేరియా దాచలేదు. “వాళ్లు నాకు సొంతమనుషుల్లాంటివాళ్లు. వేరేవాళ్లకివ్వండి” అంది. ఈ పరీక్ష తెలిసినవాళ్లు దగ్గరలో ఇంకెవరూ లేరన్నారు అధికారులు. “అయితే ఏ ఇసుక ఎక్కడిదో నాకు తెలియకూడదు. మా ల్యాబులో పనిచేసే ప్రశాంతి గుర్తులు మార్చి ఇస్తుంది. నేను చూసి చెప్పాకే ఆమె విప్పుతుంది” అని షరతు పెట్టింది.

ఆ సాయంత్రమే సుందరమ్మ వచ్చింది.

“ఆ ఇసుక నీ కాడికే వచ్చిందంట గదా పాపా. మీ మామను నువ్వే గట్టెక్కీయాల.”

“ఇసుకలో ఏముంటే అదే చెప్తా అత్తా. ఇంకో మాట చెప్పలేను.”

“మీ మామ అబద్ధం చెప్తాండాడంటావా?”

“నేనేమీ అనలేదు. ఇంకా చూడనే లేదు.”

సుందరమ్మ టీ తాగకుండానే లేచి వెళ్లిపోయింది. జువేరియాకు ప్రాణం చివుక్కుమంది. కానీ తన పని మీద ఆమెకు గట్టి నమ్మకం ఉంది.

ఆమె, ప్రశాంతి కలిసి పెన్న ఇసుకా, వాగు ఇసుకా వేర్వేరు సంచుల్లోకి ఎత్తుకొచ్చారు. రెండింటిలోనూ ఎక్కువగా ఉన్నది తెల్లటి పలుగురాయి రేణువులే. కంటికే కాదు, మామూలు మైక్రోస్కోపుకు కూడా వాటి మధ్య పెద్ద తేడా కనిపించదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో మాత్రం కిరణం తగిలితే రేణువు సన్నగా వెలుగుతుంది, ఏ రాతిలో పుట్టిందో ఆ వెలుగులో కనబడుతుంది. పెన్న అనంతపురం వైపు గ్రానైటు నేల మీదుగా వస్తుంది. గ్రానైటు రేణువు నిండా వెలుగుతుంది, ఎప్పుడో పగిలి అతుక్కున్న బీటలు అందులో నల్లటి దారాల్లా కనిపిస్తాయి. కొండవాగు నీళ్లు పులివెందుల పక్కనున్న ఇసుకరాతి కొండల మీద నుంచే దిగుతాయి. ఆ కొండే ఒకప్పటి ఇసుక. అందుకే దాని రేణువులో పాత గుండ్రటి రేణువొకటి వెలుగుతూ, చుట్టూ తర్వాత పేరుకున్న పొర చీర అంచులా నల్లగా కనబడుతుంది.

లారీ ఇసుకతో కలిపి మూడింటినీ ప్రశాంతి మూడు గాజుపలకల మీద అతికించి, పేర్లకు బదులు గుర్తులు వేసి ఇచ్చింది. జువేరియా ఒక్కో పలకమీది వందల రేణువులను చూసింది. ఒక పలకలో దాదాపు అన్నిటికీ అంచులున్నాయి. మిగిలిన రెండింటిలో అంచున్నవి అక్కడొకటి, ఇక్కడొకటి. తక్కినవన్నీ నల్లదారాలవే.

“ఈ రెండూ ఒకే చోటివి. ఇప్పుడు చెప్పు” అంది.

ప్రశాంతి గుర్తులు చూసింది. “ఒకటి పెన్నది, రెండోది లారీది” అంది.

జువేరియా కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. తర్వాత లేచి చేతులు కడుక్కొని, చూసింది చూసినట్టే రాసి పంపింది.

విచారణ రోజున జువేరియా ఆ రేణువుల ఫొటోలను కంప్యూటర్ తెర మీద చూపిస్తే లారీ యజమాని నవ్వాడు. “ఇసుక యాడిదైనా ఇసుకే గదమ్మా! బొమ్మలు చూపిచ్చి కేసు పెడతారా?”

“బొమ్మలు కాదు, అవి మీ లారీలోని రేణువులే. వాగులో ఇసుక అందరూ చూస్తుండగా ఎత్తి తీసుకురండి, మీ ముందే పోల్చి చూపిస్తా” అంది జువేరియా. ఆమె గొంతు ఎక్కడా తడబడలేదు.

వెనక నిలబడ్డ ఆనందయ్య ముందుకొచ్చాడు. “నేను చూడొచ్చునామ్మా?” అన్నాడు. ఆమె కంప్యూటర్ తెర ఆయన వైపు తిప్పింది. ఆయన వంగి చాలాసేపు చూశాడు.

“ఈ నల్లదారాలేనా?”

“అవును మామా.”

ఆనందయ్య నిటారుగా నిలబడి అధికారుల వైపు తిరిగాడు. “పెన్నలోనే నింపినా సార్. బావుల పక్కనే. వాగని చెప్పమన్నది మా ఓనరు. చెప్పకుంటే పనిలోంచి తీసేస్తానన్నాడు. ఎన్ని లారీలు పోతాండాయో, ఏ దావన పోతాండాయో అంతా చెప్తా, రాసుకోండి.”

ఆయన చూపించిన దారికి అడ్డంగా అధికారులు కందకం తవ్వించి లారీలు పోకుండా చేశారు. ఆనందయ్యకు జరిమానా పడింది, ఆ పనీ పోయింది. తర్వాత కమలాపురంలో ఒక వడ్ల వ్యాపారి దగ్గర లారీ నడపడానికి కుదిరాడు.

సుందరమ్మ చాలా రోజులు ఎదురింటి వైపు చూడలేదు. శ్రావణంలో ఒక పొద్దున జువేరియా బండి తీస్తుంటే గేటు దగ్గరికొచ్చి నిలబడింది.

“సంచులు పట్టుకోని యాడికి పోతాండావు?”

“పులివెందుల కొండకత్తా. ఇసుకతో పోల్చి చూసేదానికి ఆడి రాళ్లు కూడా కావాల.”

“ఎండలో ఏం తింటావు? ఉండు, సద్ది కట్టిస్తా” అని సుందరమ్మ లోపలికి నడిచింది. జువేరియా బండి ఆపి, ఆమె వెనకే ఆ ఇంట్లోకి వెళ్లింది.