పద్నాలుగో వాల్వు

అయిదు నీటి సరఫరా ఆఫీసులను మూసేసి ఒకే కంట్రోల్ రూముగా కలిపిన మొదటి రోజు అది. తూర్పు ఆఫీసులో పదకొండేళ్లు ఫోన్లు ఎత్తిన ఆమెకు కొత్త కుర్చీ, కొత్త తెర ఇచ్చారు. తెర మీద వచ్చిందే చెప్పాలి, సొంత తెలివి వాడొద్దని డైరెక్టరు పొద్దున్నే హెచ్చరించాడు.

మధ్యాహ్నం ప్రసూతి ఆసుపత్రి నర్సు ఫోన్ చేసింది. "వీధిలో పెద్ద పైపు పగిలిందండీ! నీళ్లు సెల్లారులోకి వచ్చేస్తున్నాయి. కరెంటు బోర్డులన్నీ అక్కడే. పైన ఆపరేషన్ జరుగుతోంది!"

పద్నాలుగో వాల్వు కట్టేయమని తెర మీద వచ్చింది. ఆ వాల్వును పూడ్చి రోడ్డు వేసి నాలుగేళ్లయింది. దాని బదులు పెట్టింది ఎక్కడుందో పాత వాల్వ్‌మన్‌కే తెలుసు. అందరూ బాబాయ్ అని పిలిచే ఆయన్ని ఈ మార్పుల్లో కింది అంతస్తు టపాల సెక్షనులో పడేశారు.

"సార్, అక్కడ వాల్వు లేదు. బాబాయ్‌ని పంపుదాం" అంది డైరెక్టరుతో.

"మ్యాపులో ఉంది కదమ్మా. మనవాళ్లు బయల్దేరారు. మీరు కూర్చోండి."

"మోకాళ్ల దాకా వచ్చేశాయి!" నర్సు అరుస్తోంది.

ఆమె హెడ్‌ఫోన్ తీసి పక్క సీటు అమ్మాయి చేతిలో పెట్టి, రెండేసి మెట్లు దిగింది. కవర్లకు జిగురు రాస్తున్న బాబాయ్ సంగతి వింటూనే లేచి, బీరువా వెనక నుంచి వాల్వు తిప్పే పొడుగాటి ఇనప కడ్డీ లాగాడు.

"సరెండర్ చెయ్యమన్నారమ్మా. చెవిన పెట్టలేదు. పద."

బయట ఆఫీసు జీపు డ్రైవరు నీళ్లు నమిలాడు. "డైరెక్టరు గారి సంతకం లేకుండా ఎలా అక్కా?"

"నా పేరు రాసుకో తమ్ముడూ. పోతే నా ఉద్యోగమే పోతుంది."

ఆసుపత్రి లాండ్రీ వెనక నేల మీది రేకు తొలగించి, ఇద్దరూ కడ్డీ మీద బరువంతా వేశారు. కదల్లేదు. "మొండిఘటం! ఇంకోసారి" అన్నాడు బాబాయ్ పళ్లు బిగించి. కిర్రుమంది. పదిహేడు చుట్లు తిప్పాక భూమిలో హోరు ఆగింది.

ఆమె ఆసుపత్రికి ఫోన్ చేసింది.

"ఆగాయండీ. బోర్డుకి జానెడు కింద ఆగాయి" అంటూ నర్సు ఏడ్చేసింది.

పక్క వీధిలో డైరెక్టరు పంపిన సిబ్బంది పద్నాలుగో వాల్వు కోసం ఇంకా తారు తవ్వుతూనే ఉన్నారు.

తిరిగి వచ్చేసరికి డైరెక్టరు మెమోతో నిలబడి ఉన్నాడు. సీటు వదిలి వెళ్లినందుకు. ఆమె సంతకం పెట్టింది.

"సార్, మ్యాపులో ఇలా పూడ్చేసిన వాల్వులు ఇంకా ముప్పై దాకా ఉన్నాయి."

"ముప్పయ్యా?" ఆయన ముఖం పాలిపోయింది. "ఆ బాబాయ్ గారిని పైకి రమ్మనండి" అన్నాడు.

మెమో మాత్రం వెనక్కి తీసుకోలేదు. మర్నాటి నుంచి బాబాయ్ మ్యాపు పట్టుకుని వీధులు తిరగసాగాడు, డైరెక్టరును వెంటబెట్టుకుని.