మౌనబోధనకు ఎల్‌ బోర్డు

ఉన్నత విద్యలో ఉన్న విద్య ఎంత, ఉన్నట్టు నటించే విద్య ఎంత అన్నది మధుసూదనరావు గారి ఇరవయ్యేళ్ళ పరిశోధన. డబ్లిన్‌లో ఒక విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చెబుతూ, పాఠాలు చెప్పేవాళ్ళకు పాఠం ఎలా చెప్పాలో కూడా చెబుతారాయన. ఆయన సిద్ధాంతం ఒక్కటే: బోధన ఎక్కువైతే బాధన. గురువు నోరు మూసుకుని పక్కన కూర్చుంటే శిష్యుడే నేర్చుకుంటాడు. దీని మీద మూడువందల పేజీల పుస్తకం రాశారు. మౌనం గురించి అంత వాగినవాళ్ళు ఐర్లండ్‌లో మరొకరు లేరు.

అంతటి మనిషి కారుకి మూడేళ్ళుగా ‘ఎల్‌’ బోర్డు. డ్రైవింగ్ టెస్టు నాలుగుసార్లు తప్పారు. ఎల్‌ అంటే ఎల్లకాలం అని భార్య ప్రభావతి అర్థం చెప్పింది.

ఇన్నాళ్ళూ ఎలాగో గడిచింది. ఎల్‌ బోర్డువాళ్ళ పక్కన లైసెన్సున్న మనిషి ఉండాలి. డాక్టరమ్మ ప్రభావతి కూర్చుంటోంది. సోమవారం నుంచి ఆవిడకు ఎక్కడో దూరాన కార్క్‌లో డ్యూటీ, ఆ ఊరి పక్కనే బాలింకాలిగ్‌లో కాపురం. ఈయన డబ్లిన్ శివారు స్వోర్డ్స్‌లో ఒంటరి.

“పాసైతే బాలింకాలిగ్, లేకపోతే కాలినడక!” అని తేల్చేసింది ఆవిడ.

ఐదో టెస్టు శుక్రవారం ఉదయం. దారంతా ఆవిడ నోరు ఆగలేదు.

“అద్దం చూడండి! నా మొహం కాదు, ఆ అద్దం! బ్రేకు, ఏవండీ, బ్రేకు! అది బస్సండీ, మీ స్టూడెంటు కాదు రాకుండా ఉండడానికి!”

“ప్రభా, నువ్వలా అరిస్తే నేనెలా నేర్చుకుంటాను? నేర్పు కన్నా ఓర్పు ముఖ్యం.”

“నాలుగుసార్లు ఓర్చుకున్నాను. ఈసారి నేర్చుకోండి.”

టెస్టు సెంటరు గుమ్మంలో ఐరిష్‌లో స్వాగతం పలికే బోర్డు. దాన్ని ‘ఫాల్చ’ అనాలని ఆయనకు తెలుసు. కానీ ఆ స్పెల్లింగు చూస్తే ‘ఫెయిల్ తే’ అన్నట్టే ఉంటుంది. పాపం, అది అడిగినప్పుడల్లా ఈయన ఫెయిల్ తెచ్చి ఇచ్చారు.

టెస్టరు పక్కన కూర్చుని “గ్రాండ్, పదండి” అన్నాడు. ఆపైన కుడికో ఎడమకో తప్ప మాట లేదు. అచ్చంగా పుస్తకంలోని గురువే! మధుసూదనరావు కారు కదిలించారు. రౌండబౌట్ దగ్గర బుర్ర రౌండు కొట్టింది, ఇంజను ఆగింది. నాలుగుసార్లూ తనను ముంచింది ఈ మౌనమేనని అప్పుడు తట్టింది.

అంతలో ఆయన నోరు దానంతటదే తెరుచుకుంది.

“తాళం తిప్పండి! అద్దం చూడండి! ఇండికేటరు! ఆ సైకిలాయన కనబడలేదూ? తత్వం తర్వాత, తలకాయ తిప్పండి ముందు!”

గొంతు ఆయనది, అరుపు ప్రభావతిది. కారు వెన్నలా కదిలింది.

టెస్టరు ఉలిక్కిపడ్డాడు. “ఎవరితో మాట్లాడుతున్నారు?”

“మా ఆవిడతో.”

టెస్టరు వెనక్కి తిరిగి ఖాళీ సీటు చూశాడు. “సరే, ఆవిణ్ణి ఆపకండి” అన్నాడు.

అరగంట తర్వాత బయట కాగితం చూసిన ప్రభావతి కళ్ళు పెద్దవయ్యాయి. “పాసే! నోరు మెదపకుండా కూర్చున్నాడా ఆ టెస్టరు? అయితే మీ సిద్ధాంతం నెగ్గింది!”

ఔననేస్తే పోయేది. మూడువందల పేజీల పరువు నిలిచేది. ఆయన ఎల్‌ బోర్డు పీకుతూ నసిగారు.

“సిద్ధాంతం ఫెయిలు, నేను పాసు. లోపల అరగంటసేపు నువ్వే తిట్టావు.”

మూడేళ్ళలో మొదటిసారి ప్రభావతికి మాట రాలేదు. కారెక్కి కూర్చుంది. ఆయన తాళం తిప్పారు. కారు కదల్లేదు.

“ఏదో ఒకటి అను, ప్రభా.”

“హ్యాండ్ బ్రేకు!” అని అరిచిందావిడ.