మలుపు దగ్గర బ్రేకు

కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో పని కాబట్టి సైకిల్ క్లబ్బులో ఆమెను అందరూ పళ్లావిడ అనేవారు. ముప్పై ఐదు దాటాక పందేల్లోకి దిగింది. ఎప్పుడూ మధ్యలో ఎక్కడో ముగించేది. ఈసారి మొదటి పదిమందిలో నిలవాలని చలికాలమంతా పొద్దున్నే లేచి కొండ రోడ్డు ఎక్కింది, దిగింది. పందేలు మొదలయ్యేసరికి కాళ్లు ఆమె మాట వింటున్నాయి.

మొదటి పందెంలో మొదటి మలుపు దగ్గరే పడిపోయింది. ముందు పోతున్నామె ఉన్నట్టుండి బ్రేకు వేసింది. ఆమె వెనక చక్రానికి ఈమె ముందు చక్రం తగిలింది. ఎడమ భుజం దగ్గర ఎముక విరిగింది, పై వరసలో ఒక పన్ను సగానికి పోయింది. కట్టు కట్టించుకుని ఇంటికొస్తే, ముందు గదిలో కుట్టుమిషను దగ్గరున్న వదిన కిందికీ పైకీ చూసి మిషను ఆపింది.

"ఏదీ, ఓసారి నవ్వు."

పళ్లావిడ నవ్వింది.

"అందరికీ పళ్లు చేసి చేసి, చివరికి నీకు నువ్వే బేరం తెచ్చుకున్నావా తల్లీ!" అంటూ వదిన కళ్లు తుడుచుకుంది. నవ్వొచ్చి తుడుచుకుందో మరెందుకో చెప్పడం కష్టం.

చెయ్యి మెడకు వేలాడుతుండగానే పళ్లావిడ పనికి వెళ్లింది. అచ్చును బల్లకు బిగించి ఇస్తే కుడిచేత్తో మైనం చెక్కేది. తన పన్నూ తనే చెక్కుకుంది. డాక్టరు దాన్ని పెట్టి అద్దం చూపించాక, ఇది కాస్త పొడుగైందండీ అని ఆమే అరగదీయించుకుంది.

ఎముక అతుక్కున్నాక దిగిన రెండో పందెంలో పడలేదు. కొండ మధ్యలో చైను తెగింది. సైకిల్ని తోసుకుంటూ పైదాకా నడిచింది. "పోన్లే, ఈసారి నీ కాళ్ల మీద నువ్వొచ్చావు," అంది వదిన.

మూడో పందెం రోజు వాన. ముగింపు దగ్గరపడేసరికి ఆమె ముందు గుంపులోనే ఉంది, కాళ్లలో ఇంకా బలముంది. వంతెన మీద గుంత కనబడితే పక్కన ఎవరున్నారో చూడకుండా ఎడమకు తిప్పింది. పక్కన ఇంకో క్లబ్బు మనిషి, లెక్కల టీచరు ఉంది. రెండు హ్యాండిళ్లు తగులుకున్నాయి. టీచరు వెళ్లి వంతెన కమ్మీకి కొట్టుకుని పడింది. పళ్లావిడ పడలేదు. వెనక్కి చూసింది, కానీ ఆగలేదు. ఆరోదిగా వచ్చింది. పక్కవాళ్లకు అడ్డం వచ్చినందుకు నిర్వాహకులు ఆమె పేరు కొట్టేశారు. ఆమె ఎదురు చెప్పలేదు.

వారం తర్వాత టీచరు ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. టీచరే తలుపు తీసింది. కుడి మణికట్టుకు పిండికట్టు.

"నేను పడ్డం చూశారా?"

"చూశాను."

"అయినా ఆగలేదు."

"ఆగలేదండీ."

టీచరు తలుపు ఇంకాస్త తెరిచింది. "మీ చోట నేనున్నా ఆగేదాన్ని కాదేమో. అలాగని నా కోపం పోదు. ఇంకొన్నాళ్లు ఉంటుంది."

"ఉండనివ్వండి."

"ఎలాగూ వచ్చారు కాబట్టి ఆ బల్ల మీది పచ్చడి సీసా మూత తీసిపెట్టి వెళ్లండి. పొద్దుట్నుంచీ నా వల్ల కావట్లేదు."

పళ్లావిడ మూత తీసి ఇచ్చి, వచ్చేసింది.

ఆ తర్వాత సాధనకు వెళ్లినప్పుడల్లా మలుపు కనబడితే చాలు, వేళ్లు వాటంతటవే బ్రేకు మీదికి పోయేవి. వెనకవాళ్లు అరిచేవారు. ఒకరోజు వదిన ఆమె చిరిగిన జెర్సీకి మాసిక వేస్తూ అంది:

"భయమేస్తే మానెయ్యరాదూ? నిన్నెవరేమంటారు?"

"ఎవరూ ఏమీ అనరు."

"మళ్లీ పడతానని భయమా?"

"పడతానని కాదు వదినా. పడేస్తానని."

వదిన దారం కొరికి, జెర్సీ మడిచి ఆమె ఒళ్లో పెట్టింది.

ఆఖరి పందెంలో గుంపు మొదట్లోనే ఆమెను వదిలేసి పోయింది. ప్రతి మలుపులోనూ బ్రేకు వేస్తే ఎవరు మాత్రం ఆగుతారు? చాలా దూరం ఒంటరిగా తొక్కింది. పొలాల మధ్య తిన్నని రోడ్డు మీద, ఎదురుగాలిలో, ముందు ఇంకో మనిషి కనబడింది. మణికట్టుకు పట్టీ వేసుకున్న లెక్కల టీచరు. చెయ్యి పూర్తిగా ఊనలేక వెనకబడిపోయింది.

"నా వెనక్కి రండి. గాలికి నేను అడ్డుంటాను," అంది పళ్లావిడ.

"మీ వెనకా? నాకింకా మతి పోలేదు."

ఇద్దరూ రోడ్డుకు చెరో పక్కన తొక్కారు. గాలి హోరెక్కువైంది. కొంతదూరం పోయాక టీచరు ఏమీ అనకుండా ఆమె వెనక్కి వచ్చింది, అదీ బారెడు ఎడంగా. పళ్లావిడ ప్రతి గుంతకూ చెయ్యి చాపి చూపించింది, ప్రతి మలుపుకూ ముందే అరిచి చెప్పింది.

"అంత అరవకండి. నాకూ కళ్లున్నాయి," అంది టీచరు. ఇంకాస్త దూరం పోయాక, "ఇక తప్పుకోండి. నా వంతు," అని ముందుకొచ్చింది.

వాళ్లు చేరేసరికి ముగింపు గీత మీద కట్టిన బ్యానరు విప్పుతున్నారు. ఆఖరి వంద గజాల్లో టీచరు లేచి నిలబడి తొక్కి, అర చక్రం తేడాతో ముందు దాటింది. ఇద్దరూ కాలిబాట అంచున కూలబడ్డారు. పళ్లావిడ సీసాలో నీళ్లయిపోతే టీచరు తన సీసా అందించింది, ఆమె వైపు చూడకుండానే.

పందెం వెనకాలే వచ్చే అంబులెన్సు వాళ్ల పక్కన ఆగింది. డ్రైవరు తల బయటపెట్టాడు.

"ఇంకా ఎవరన్నా ఉన్నారామ్మా వెనక?"

"లేరు బాబూ," అంది టీచరు. "మేమే."

అతను ఇంజను ఆపేశాడు.