రోడ్డుకి వీపు పెట్టిన బోర్డు

ఇలా దగ్గరికి జరిగి కూర్చో తల్లీ, ఒక మాట చెప్పాలి. నేను ఒక అంకెల బోర్డుని. మునిసిపాలిటీ చెత్త కాల్చే ఫ్యాక్టరీ గేటు మీద ఎనిమిదేళ్లు ఉన్నాను. పొగగొట్టంలోంచి ఎంత విషం పోతోందో యంత్రం కొలిచి నాకు చెబుతుంది, నేను వెలిగి జనానికి చెప్పాలి. హద్దులో ఉంటే ఆకుపచ్చ, దాటితే ఎరుపు. సర్కారు రూలది. చదువు రానివాళ్లకి కూడా తెలియాలని రంగులు పెట్టారట. ఎంత మంచి మనసో!

నన్ను బిగించడానికి ఇద్దరొచ్చారు. రోడ్డువైపు పెడితే ఎండకీ దుమ్ముకీ పాడైపోతానని జాలిపడి, నా ముఖం లోపలికి తిప్పి బిగించేశారు. మేనేజరు రూలు కాగితం తీసి చూశాడు. గేటు దగ్గర బోర్డు ఉండాలని ఉంది, ఎటు చూడాలో లేదు. సంతకం పెట్టేశాడు. ఇక చూసుకో, ఊరికి చెప్పాల్సిన మాటంతా వాచ్‌మన్ దానయ్యకీ, రెండు కుక్కలకీ చెప్పుకుంటూ కూర్చున్నాను.

రోడ్డుకి అవతలే పైడితల్లి ఇల్లు. ఆమె కూతురు గౌరికి తొమ్మిదేళ్లు, ఉబ్బసం. పొగ ఎక్కువైతే పిల్ల డొక్కలు ఎగరేసేది. ముందే తెలిస్తే ఊరి ఆ చివరనున్న చెల్లెలింటికి తీసుకుపోదామని ఆ తల్లి ఆశ. రోజూ పొద్దున్నే గేటు దగ్గరికొచ్చేది.

"దానయ్యన్నా, ఇయ్యాల ఏ రంగు?"

"నాను సెప్పకూడదే. ఉజ్జోగం పోద్ది."

"రంగు సెప్తే పోయే ఉజ్జోగం ఏటన్నా అది!"

నాలుగు నెలలు అలా వేధించాక దానయ్య కరిగాడు. "నన్నడక్కు. ఆ అద్దాన్నడుగు" అన్నాడు గడ్డంతో చూపిస్తూ. లోపలి మలుపులో లారీలు గుద్దుకోకుండా ఇంకో రూలు కింద పెట్టిన గుండ్రటి అద్దం అది. గేటు ఊచల్లోంచి చూస్తే అందులో నా ముఖం చిన్న చుక్కలా కనిపించేది. అంకెలు తిరగబడితేనేం, ఎరుపు ఎరుపే కదా! చుక్క ఎర్రబడగానే పైడితల్లి తలుపేసి, పిల్లని ఎత్తుకుని చెల్లెలింటికి పరుగు తీసేది. అన్నేళ్లలో నేను చేసిన పని అదొక్కటే తల్లీ.

ఇక తనిఖీ సంగతి. ఆఫీసరు వస్తున్నాడని వారం ముందే ఉత్తరం వచ్చేది. ఆ వేళకి తడి చెత్తా ప్లాస్టిక్కూ టార్పాలిన్ కింద దాచి, పొయ్యిలో ఎండు కొబ్బరి డొక్కలు వేసేవాళ్లు. నేను ఆకుపచ్చగా మెరిసిపోయేదాన్ని. అబద్ధమా అంటే కాదు, ఆ పొగ నిజంగా మంచిదే. ఆ ఒక్కరోజుకి.

ఒకసారి పైడితల్లి ఆఫీసరు జీపుకి అడ్డం నిలబడింది.

"బాబుగారూ, మీరొచ్చిన్రోజే ఇది పచ్చగా ఎలగతాది. సెప్పకుండా రేపు రండి. మా గుమ్మంలో కూకుని సూడండి."

"రేపు నా డ్యూటీ ఇక్కడ లేదమ్మా."

"నా కూతురికి మాత్రం రేపూ ఇక్కడే డ్యూటీ బాబూ, ఊపిరి పీల్సాలి."

ఏమనిపించిందో ఏమో, మర్నాడు నిజంగానే వచ్చాడు. అద్దంలో ఎర్రచుక్క చూశాడు. మంచం మీద గౌరి ఎగశ్వాస విన్నాడు. చాలాసేపు రాశాడు. పెద్దాఫీసుకి పోయిన ఆ రాతంతా ఏడు నెలల తర్వాత ఒక్క ముక్కై తిరిగొచ్చింది: బోర్డు రోడ్డువైపు ఉండాలి. పొయ్యి గురించి మాటే లేదు!

తిప్పారు. తిప్పేటప్పుడు పాత తీగ చాలక తెగింది. కొత్త తీగకి పైనుంచి మంజూరు రావాలన్నారు, రానే లేదు. మొదటిసారి రోడ్డుని కళ్లారా చూశాను, ఆరిపోయిన దీపంలా. తర్వాత తనిఖీ కాగితంలో "బోర్డు రోడ్డువైపు ఉన్నది" అని రాసుకుని పోయారు. అద్దంలో ఇక నా వీపు రేకు తప్ప ఏమీ కనిపించేది కాదు. ఎప్పుడు తెరవాలో తెలియక పైడితల్లి తలుపు ఎప్పుడూ వేసే ఉండేది. ఆ తలుపు వెనక గౌరి దగ్గు వింటూ ఏడాది ఉన్నాను, తర్వాత విప్పి ఈ ఇనుప సామాన్ల కొట్లో పడేశారు.

నా సంగతి మరిచిపోయినా ఫరవాలేదు. గౌరి సంగతి మాత్రం గుర్తుంచుకో తల్లీ, నలుగురికీ చెప్పు. మీ ఊళ్లో ఇలాంటి గేటు ముందు నుంచి వెళ్తే ఆగు. బోర్డు ఉందా అని కాదు, వెలుగుతోందా అని అడుగు. జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడు.