సాకెట్‌లో నిలవున్న పాట

గిటార్లు బాగుచేసే ఆ కొట్టుకి పొద్దున్నే వచ్చే రోగం ఒక్కటే. స్పీకర్ వైరు గుచ్చే సాకెట్ వదులైందని ఎవరో బయట నట్టు బిగిస్తారు. లోపల పట్టుకోకుండా తిప్పితే సాకెట్ కూడా గిర్రున తిరిగి, దాని వెనక అతికించిన కరెంటు తీగ పుటుక్కున తెగుతుంది. "దేవుడు రెండు చేతులిచ్చింది దేనికయ్యా?" అని విసుక్కుంటూనే అక్క టంకం పెట్టేది. వచ్చిన ప్రతివాడికీ ఆమె అక్కే.

తీగ తెగాక వాయించింది ఎక్కడికీ పోదు, సాకెట్‌లోనే ఉండిపోతుంది. టంకం పడగానే ముందు ఆ నిలవంతా వరసగా స్పీకర్లోంచి వచ్చేస్తుంది, ఒక్కసారే, మళ్లీ రాదు. అందుకే కొట్లో బెంచీ వేయించింది. ఎవరి నిలవ ఖాళీ అయ్యేదాకా వాళ్లు దానిమీద కూర్చుని కబుర్లాడుకునేవారు.

గోడకున్న గిటార్ జోలికి మాత్రం ఆమె పోలేదు. అది మొగుడిది. ఆయనా ఒంటిచేత్తో నట్టు తిప్పినవాడే. అందరి సాకెట్లూ చూసే మనిషికి ఇంట్లోది చూసే తీరిక దొరకలేదు. ఆయన అలిగే రకం కాదు, వెనక గదిలో దోమ రొదంత చప్పుడుతో వాయించుకునేవాడు. రేపు చేస్తా, మాపు చేస్తా అంటుండగానే ఆయన గుండె ఆగిపోయింది. వినాలని ఆమె ప్రాణం కొట్టుకులాడేది. కానీ వింటే అయిపోతుంది, ఆ తర్వాత ఆయనది ఇంకేమీ మిగలదు.

ఆ మధ్యాహ్నం కూతురు మెడ విరిగిన గిటార్‌తో వచ్చింది. సాయంత్రం తన మొదటి ప్రోగ్రాం. దేనికైనా అమ్మని రమ్మని అడగడం ఎప్పుడో మానేసింది, పని ఉందంటుందని తెలుసు.

"నాన్నది ఇవ్వమ్మా."

"ఖాళీ అయిపోతుందే."

"తుప్పు పడితే మాత్రం ఉంటుందా?"

నిజమే, సాకెట్ లోపలి రేకు అప్పుడే నల్లబడింది. ఆమె గిటార్‌ని బల్లమీద పెట్టింది. తర్వాత రేకు తుడిచి, కాస్త వంచి, తీగ అతికించి, లోపల ఒక చేత్తో పట్టుకుని నట్టు బిగించింది.

స్పీకర్లోంచి ఆయన వచ్చేశాడు. అదే పాట, అదే చోట తప్పు, మళ్లీ మొదటికి.

"నాన్న ఇంత ఘోరంగా వాయించేవాడా?"

"ఇంతకన్నా ఘోరంగా," అని నవ్వబోయి ఆమె ఏడ్చేసింది.

పాట అయిన ప్రతిసారీ గిటార్ మీద రెండుసార్లు తట్టిన చప్పుడు వినిపించింది. అది ఆయన పిలుపు, వచ్చి కాసేపు కూర్చోమని. తీగ బాగున్న రోజుల్లో అది స్పీకర్లో వినబడితే ఆమె కొట్లోంచే "వస్తున్నా" అని బదులు పలికేది. తెగాక పిలవడం మానేశాడనుకుంది. మానలేదు, రోజూ పిలుస్తూనే ఉన్నాడు.

చివరిసారి తట్టడమూ అయింది. సాకెట్ ఖాళీ. కూతురు గిటార్ భుజాన వేసుకుని, వెళ్లొస్తానని గడప దాటింది. బెంచీ మీదివాళ్లు తమ వంతు కోసం చూస్తున్నారు. ఆమె టంకం కడ్డీ ఆపేసి, వాళ్లని రేపు రమ్మంది.

"వస్తున్నా," అని పలికింది.

కూతురు వెనక్కి తిరిగేసరికి అమ్మ బయటికొచ్చి షట్టర్ కిందికి లాగుతోంది.