బాబాయి పంక్తులు

విమర్శకురాలికి విసుగు నషాళానికంటింది. ఆమె కొత్త పుస్తకంలో ఒక అధ్యాయం సొంత బాబాయి కవిత్వం మీద. అందులో ఆయన పంక్తులు కొన్ని ఎత్తి రాసింది. కవి అనుమతి లేనిదే అచ్చువేయనని ప్రచురణకర్త భీష్మించుకు కూర్చున్నాడు. అధ్యాయం పంపి అడిగితే, "మెచ్చుకున్నచోట వాడుకో అమ్మా. తప్పులెన్నినచోట మాత్రం నా పంక్తులు తీసెయ్" అన్నాడు బాబాయి.

"పంక్తి చూపించకుండా తప్పెలా చెప్పను బాబాయ్?"

"చెప్పకు."

నెలల తరబడి ఇద్దరి మధ్యా కాళ్లరిగేలా తిరిగింది. చివరికి ప్రచురణకర్తను వెంటబెట్టుకుని వకీలు దగ్గరికి వెళ్లింది. ఆయన అధ్యాయమంతా ఓపిగ్గా చదివాడు.

"విమర్శ కోసం, కవి పేరు చెప్పి, అవసరమైన నాలుగు పంక్తులు ఎత్తిచూపడానికి మన చట్టంలో ఎవరి అనుమతీ అక్కర్లేదు. కవితంతా దింపేస్తే వేరే సంగతి. అసలెందుకు అడిగారు?"

ఆమె ప్రచురణకర్త వైపు చూసింది. అతను కళ్లజోడు తుడుచుకోసాగాడు.

ఇంటికి రాగానే బాబాయికి ఫోన్ చేసి, పంక్తులన్నీ ఉంచేస్తున్నానని చెప్పేసింది.

"సరే, ఉంచు. కానీ 'వాన' తర్వాత కామా పెట్టావు. నేను పెట్టలేదు. తిట్టేటప్పుడైనా సరిగ్గా ఎత్తి రాయి."

విసుక్కుంటూనే ఆమె ఆయన పుస్తకం తెరిచి చూసింది. బాబాయి మాట నిజమే.