కరక్కాయ గుడ్డ సాక్ష్యం

"షెడ్డుకి తాళం వేయండ్రా!"

బుచ్చిరాజు అరుపుతో పెడన కాలవ గట్టు మీద కలంకారీ పనివాళ్ళంతా ముందుకు కదిలారు. వెల్డింగ్ షెడ్డు గుమ్మంలో మత్తయి అడ్డంగా నిలబడ్డాడు.

వారంగా కాలవలో ఉతికిన ప్రతి బట్టా నల్లమచ్చలతో పైకొస్తోంది. కరక్కాయ పట్టించిన గుడ్డకి ఇనుము తగిలితే నలుపే. ఆ గట్టున ఇనుముతో పని మత్తయిదొక్కడిదే.

"నా తుప్పు కాలవలో పడదండీ. ఈ షెడ్డు పోతే నేనేం తినాలి?"

"మచ్చలు ఆకాశంలోంచి ఊడిపడ్డాయా మరి?"

రెండు నెలల క్రితం పెళ్ళైన బుచ్చిరాజు కూతురు సాయిదుర్గ మధ్యలోకి వచ్చింది. చేతిలో కరక్కాయ నీళ్ళలో నానబెట్టి ఆరేసిన పసుపుపచ్చ గుడ్డపేలికలు.

"ఆగు నాన్నా. వీటినడుగుదాం."

షెడ్డుకి ఎగువన ఒక పేలిక ముంచింది. నల్లబడింది.

"ఎగువన కూడా నలుపే! మత్తయి మావయ్య షెడ్డు కాదు!"

ఆమె గట్టు వెంట ఇంకా ఎగువకి పరుగెత్తింది. జనం వెనకే. ఇంకో పేలిక, ఇంకా నలుపు. తూము దాటాక ముంచింది. పసుపు అలాగే ఉంది.

"తూములోనే!"

మత్తయి కొక్కెం వేసి లాగాడు. చిరిగిన గోనెసంచి. అందులోంచి ఒక్కసారి వాడి పారేసే ఫిలిం కెమెరాల డొల్లలు, డజన్లకొద్దీ. ప్లాస్టిక్ చెక్కుచెదరలేదు. లోపలి బ్యాటరీలు, స్ప్రింగులు తుప్పుపట్టి కారుతున్నాయి.

గంట తర్వాత తూము దిగువన ముంచిన పేలిక పసుపుగానే వచ్చింది. మత్తయి మొహం వెలిగింది. అంతలో చేతిలోని డొల్ల మీద స్టిక్కర్‌లోని పేరు చదివి, గబుక్కున బొటనవేలితో కప్పేశాడు. సాయిదుర్గ చూసింది.

"ఎవడి పనిరా ఇది? పేరు తెలిస్తే ఇదే కాలవలో ముంచుతా!" బుచ్చిరాజు పళ్ళు కొరికాడు.

"స్టిక్కర్ చెరిగిపోయిందండీ," అన్నాడు మత్తయి.

"చెరగలేదు మావయ్యా. వేలు తియ్యి."

ఆమె తండ్రి వైపు తిరిగింది. "గుడివాడలో తన పెళ్ళికి ఒకావిడ టేబుల్‌కో కెమెరా పెట్టించింది నాన్నా. రీళ్ళు ఫొటో ల్యాబ్ వాళ్ళు తీసుకున్నాక, డొల్లలు ఎక్కడైనా పడెయ్యమని ఆటో అతనికి చెప్పింది. రెండు సంచులు. రెండోది కూడా ఎక్కడుందో అతన్నడిగి ఈరోజే తీయిస్తుంది. మత్తయి మావయ్యకి అందరి ముందూ క్షమాపణ కూడా చెబుతుంది."

"ఎవరమ్మా ఆవిడ?"

"నీ కూతురు సాయిదుర్గ."